వెనక సీటు కింది చప్పుడు

కారు కొన్నప్పటి నుంచి జైరాంకు ఒక్కచోట కాలు నిలవలేదు. కొన్నది కొత్త కారు కాదు, కొత్తదేమోనని ఎవరూ పొరబడే కారు కూడా కాదు. కుసుమంచిలో రిటైరైన ఒక సారు ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న తెల్ల కారు. తెలుపు అనడం కూడా మర్యాదకే. ములకలపల్లి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేసే జైరాం దాన్ని తోలుకొచ్చి గుట్టకింది తండాలో తన ఇంటి ముందు ఆపితే, చూడవచ్చినవాళ్లు చుట్టూ తిరిగి, టైర్లను కాళ్లతో తన్ని చూసి, "పర్వాలే, నాలుగు చక్రాలైతే ఉన్నయ్" అని తేల్చారు.

జైరాంకు కావలసింది ఆ నాలుగు చక్రాలే. తండాకూ రోడ్డుకూ మధ్య వాగు ఉంది. వాగు మీద చప్టా ఉంది కానీ, వానలు గట్టిగా పడితే నీళ్లు దాని మీదుగానే పారతాయి. రెండేళ్ల కిందటి వానాకాలంలో భార్య సంగీతకు నొప్పులొస్తే ఆటోలో బయలుదేరారు. చప్టా మధ్యలో ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఆటో ఆగిపోయింది. అవతలి గట్టున అంబులెన్సు దీపం తిప్పుతూ నిలబడే ఉంది. బిడ్డ ఆటోలోనే పుట్టాడు. మగపిల్లవాడు. వాగు దాటకుండానే పోయాడు.

ఇప్పుడు సంగీతకు మళ్లీ నెలలు నిండాయి. గుట్ట మీద మళ్లీ మబ్బులు పట్టాయి. ఈసారి బండి ఆగకూడదు. జైరాం తలలో ఉన్న ఆలోచన ఇదొక్కటే, అది మరో ఆలోచనను లోపలికి రానివ్వలేదు.

కారుకు మాత్రం అతని తొందర పట్టినట్టు లేదు. స్టీరింగు ఎడమకు తిప్పితే హారన్ దానంతటదే మోగేది. తండా మలుపు ఎడమకే కాబట్టి జైరాం డ్యూటీ దిగి వచ్చిన సంగతి ఊరందరికీ తెలిసేది. వైపరు అద్దం సగం దాకా పోయి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు నిలబడిపోయేది. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. గతుకు తగిలితే డ్రైవరు పక్క అద్దం కిందికి జారేది. అన్నీ చిన్న చిన్న రోగాలే. ములకలపల్లిలో మెకానిక్ రాందాస్ ఒక్కొక్కటే సరిచేస్తూ వచ్చాడు. ఒకటి బాగైతే సంతోషపడటానికి బదులు జైరాం ఇంకొకటి వెతుక్కుని మళ్లీ షెడ్డు ముందు నిలబడేవాడు.

ఒకరోజు కారు అసలు కదలనేలేదు. రాందాస్ బ్యాటరీ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"జైరామన్నా, రోజుకు ఎన్నిపార్లు స్టార్ట్ చేస్తవే?"

"పొద్దుగాల లేవంగనే ఒకపారి. డ్యూటీకెల్లి వచ్చినంక ఒకపారి. బువ్వ తిన్నంక, మల్ల పండేముందు."

"ఎటన్న పోతవా?"

"ఎటు పోత? స్టార్టయితదో లేదో చూసి బంద్ చేస్త."

"గందుకే దిగిపోయింది. డ్యూటీకి పోయినంతసేపట్ల చార్జి ఎక్కేదెంత, ఇంటికాడ నువ్వు దించేదెంత? కరెంటోనివై ఉండి నేను చెప్పాల్నా ఇది? నువ్వు చూసుడు బంద్ చెయ్. అదే స్టార్టయితది."

జైరాం తల ఊపి ఇంటికొచ్చాడు. వచ్చి, నిజంగానే స్టార్టవుతుందో లేదోనని ఒకసారి చూశాడు.

చివరికి అన్నీ దారికొచ్చాయి, ఒక్క చప్పుడు తప్ప. వెనక సీటు కింద నుంచి టకటకమని వచ్చేది. కంకర రోడ్డు మీద వచ్చేది, తారు రోడ్డు మీద మాయమయ్యేది. రాందాస్ కారు కింద దూరాడు, పొగగొట్టం బిగించాడు, డిక్కీ ఖాళీ చేయించాడు, చివరికి విసిగిపోయి "ఇది బండిల లేదే, నీ తల్కాయల ఉన్నది" అన్నాడు. జైరాం నవ్వలేదు. ఆనాడు ఆటో ఆగే ముందు సరిగ్గా ఇలాంటి చప్పుడే వచ్చిందని అతని నమ్మకం. ఆ వానలో, ఆ వరద హోరులో ఏ చప్పుడూ వినపడి ఉండదు. అయినా అతని చెవులు విన్నామనే అంటున్నాయి.

ఆ సాయంత్రం సంగీత గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. జైరాం కారు దగ్గర నుంచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నువ్వు ఒక్కపారి ఎనక సీట్ల కూసో. నేను మెల్లగ తోల్త. చప్పుడు ఏడికెల్లి వస్తుందో చెప్పు."

"నిండు మనిషిని గతుకులల్ల తిప్పి చప్పుడు వినమంటున్నవా? పొద్దుమాపు దాని పొట్టకే చెవి పెట్టి కూసుంటవ్. ఈ పొట్టకు ఒక్కపారన్న పెట్టినవా?" సంగీత చేతిలో కాయ చాటలో పడేసింది. "తంతున్నది. రా, చెయ్యి పెట్టి చూడు."

"చేతులకు ఆయిలున్నది" అని జైరాం మళ్లీ బయటికి పోయాడు.

ఆయిల్ ఉన్నమాట నిజమే. కడుక్కున్నా పెట్టేవాడు కాడు. మొదటిసారి రోజూ పెట్టాడు, వాడు తన్నినప్పుడల్లా నవ్వాడు, పేరు కూడా అనుకున్నాడు. ఆ పేరు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. అతనికి భయం, మనిషిని నిలువునా పట్టుకున్న భయం. ఇనుముకైతే రోగం వస్తే విప్పి చూడొచ్చు. అందుకే ఇనుమును పట్టుకుని వేలాడాడు.

మర్నాడు సెలవు. తెల్లవారి నుంచే ముసురు. వాన కాస్త తెరిపి ఇవ్వగానే జైరాం పానాలు తీసుకుని వెనక సీటు మొత్తం ఊడదీసి అరుగు మీద పెట్టాడు. సీటు కింద ఇనుప పట్టీకి చిన్న గుడ్డమూట గట్టిగా కట్టి ఉంది. విప్పితే నల్లదారం. దారానికి గవ్వలు, మధ్యమధ్య సన్న గజ్జెలు. పసిపిల్లల మొలతాడు.

అతనికి వెంటనే తెలిసింది. తల్లి మోతీ తన పాత లంగాకున్న గవ్వలు విప్పి, మొదటి మనవడి కోసం నెలల ముందే గుచ్చి పెట్టిన మొలతాడది. వాడి మొలకు చేరలేదు. తర్వాత అదేమైందో జైరాం అడగలేదు.

"యాడీ!" తల్లిని అలాగే పిలుస్తాడు. కేకకు పక్కింటి కోళ్లు కూడా చెదిరాయి. "ఏందిది? ఈడెవరు కట్టిన్రు?"

మోతీ పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, మూటను చూసి, దాచాలని చూడలేదు.

"నేనే కట్టిన."

"దీనికోసం రాందాస్ బండంత ఇప్పిండు! నేను నిద్రల్లేక సస్తున్న! నువ్వు చూసుకుంట కూసున్నవా?"

"మోగుతదని నాకెర్కలే బేటా. బట్టల సుట్టిన గదా."

"పోయినోని వస్తువు, ఈ బిడ్డను తీస్కపోయే బండిల కడతరా ఎవరన్న?"

మోతీ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంట్ల దాస్తే సంగీత కంట్ల పడతది. వాగుల ఇడువబుద్ది కాలే. వాడు వాగు దాటలే గదా. నువ్వు రోజు డ్యూటీకి పోతవ్, వస్తవ్. నీతోని వాడు గూడ రోజు దాటుతున్నడు. తొవ్వ తెలిసినోడు ముందుంటే ఎనకొచ్చేటోళ్లకు బుగులుండదు అనుకున్న. అంతే."

జైరాం నోరు తెరిచాడు. తిట్టాలనుకున్నాడు. కానీ మొలతాడును తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఇన్నాళ్లుగా తాను రోజూ కొడుకును వెంటేసుకుని వాగు దాటుతున్నాడు, తనకే తెలియదు.

అప్పుడే ఇంట్లోంచి సంగీత మూలిగింది. గుమ్మం పట్టుకుని వంగి నిలబడి ఉంది. "వచ్చినట్టున్నయ్" అంది.

సీటు బిగించబోతే బోల్టు జారి బురదలో పడింది. "ఇడిసిపెట్టు సీటును!" అని అరిచి సంగీత ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. మోతీ మొలతాడును గుప్పిట పట్టుకుని వెనక గోనెసంచి పరిచి ఇనుము మీదే కూలబడింది. తాళం తిప్పగానే కారు అందుకుంది. కంకర మీద పడగానే టకటక మొదలైంది.

"యాడీ, దాన్ని గట్టిగ పట్టుకో, మోగుతుంది!"

"పట్టుకునే ఉన్న. ఇది మోగుతలేదు."

జైరాం అద్దంలో వెనక్కి చూశాడు. తల్లి రెండు చేతుల మధ్య గజ్జెలు కదలకుండా ఉన్నాయి. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. ఇన్నాళ్లూ వేధించింది అసలు ఇది కాదన్నమాట. ఎదురుగా చప్టా, దాని మీద చీలమండ లోతు నీళ్లు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. దిగి చూడాలి, ఒక్కసారి కిందికి వంగి చూడాలి.

"ఆపినవో చూడు!" అంది సంగీత. గేరు రాడ్ మీదున్న అతని ఎడమచెయ్యి లాగి, ఆయిలు మరకలతో సహా తన పొట్ట మీద అదిమిపెట్టుకుంది.

పొట్ట రాయిలా బిగిసి ఉంది. తర్వాత లోపల ఏదో బలంగా ఒత్తుకుంటూ జరిగింది. జైరాం కాలు బ్రేకు మీద నుంచి తీశాడు. ఫస్ట్ గేరులోనే, ఒంటి చేత్తో స్టీరింగు పట్టుకుని, నీళ్లను చీల్చుకుంటూ పోయాడు. చప్టా మధ్యకొచ్చినప్పుడు వెనక నుంచి మోతీ ఎవరితోనో మెల్లగా "నడువ్ బేటా, నడువ్" అంటోంది. అది తనతో కాదని అతనికి తెలుసు. అవతలి గట్టు ఎక్కాక కూడా అతను చెయ్యి తీయలేదు.

పెద్ద దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. వచ్చీ రాగానే వార్డంతా వినపడేలా ఏడ్చింది.

వాళ్లను ఇంటికి తెచ్చే నాటికి ఎండ కాసింది, వాగు చప్టా కిందికి దిగింది. మధ్యలో ఒకసారి ఇంటికెళ్లి సీటు బిగించుకొచ్చాడు కాబట్టి సంగీత, మోతీ బిడ్డతో వెనక కూర్చున్నారు. చప్టా మధ్యకు రాగానే మోతీ "జరంత ఆపు బేటా" అంది.

ఆటో ఆగిన చోటది. జైరాం కారు ఆపి, ఇంజను కూడా ఆపేశాడు. సంగీత తువ్వాలు తొలగిస్తే మోతీ పిల్లకు మొలతాడు కట్టింది. పిల్ల కాళ్లు ఆడించింది. నీళ్ల సవ్వడిలో గజ్జెలు సన్నగా మోగాయి. జైరాం వెనక్కి తిరిగి కూర్చుని చాలాసేపు విన్నాడు. కళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

తర్వాత తాళం తిప్పితే మొదటిసారి టిక్కుమంది, రెండోసారి అందుకుంది. కంకర మీద టకటక మళ్లీ మొదలైంది.

"ఆ చప్పుడు రాందాస్‌కు చూపియ్యరాదు?" అంది సంగీత.

"ఏ చప్పుడు?" అన్నాడు జైరాం.

తండా మలుపులో స్టీరింగు ఎడమకు తిప్పగానే, బాగైపోయిందనుకున్న హారన్ దానంతటదే మోగింది. మోగుతూనే ఉంది. ఇళ్లలోంచి జనం బయటికి రావడం మొదలుపెట్టారు.