జర్మన్ భాషలో టమేటాల బేరం

నేను ఐదో తరగతి దాకానే చదివాను. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి. అచ్చు కోసం రాయడం ఇదే మొదలు. ముందే చెప్పుకుంటున్నాను, తప్పుగా అనుకోవద్దు.

ఆళ్లగడ్డ మార్కెట్లో నేను కూరగాయలు అమ్ముతాను. మా పాప నర్సు చదివింది. జర్మనీ ఆస్పత్రిలో పని దొరకాలంటే ఆ భాష రావాలని నంద్యాలలో క్లాసుకు చేరింది. మాట్లాడే పరీక్ష తప్పితే ఆ పనికి పేరు పంపరు. పాప భయమంతా అంగడి పాఠం మీదే. అందులో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అయి మాట్లాడుకోవాలి. ఇంట్లో ఎవరితోనైనా రోజూ చెప్పుకొమ్మన్నాడట సారు. మా ఇంట్లో ఉన్నది నేనే.

రోజూ బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చేది. నేను చెప్పాల్సిన మాటలు తెలుగు అక్షరాల్లో అట్టముక్క మీద రాసిచ్చింది. దాన్ని తక్కెడ పక్కన పెట్టుకున్నాను.

"ఇష్ మోష్టె ఐన్ కిలో టొమాటెన్, బిట్టె" అనేది పాప. నాకు ఒక కిలో టమేటాలు కావాలండీ అని. నేను ధర చెబితే వెంటనే సరే అనేది. నాకు ఒళ్లు మండేది.

"ఏందిమే, చెప్పిన ధరకే తీసుకుంటాండావ్?"

"మా, పుస్తకంలో బేరం లేదు మా."

"ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా కూరాకు కొన్న్యాడా? ధర ఎక్కువైందని ఎట్లంటారో అది చెప్పు."

"దాస్ ఇస్ట్ త్సు టోయర్."

వారం తిరగకుండా ఆ మాట మార్కెట్టంతా పాకింది. పక్కన ఉల్లిగడ్డలమ్మే అన్న పొద్దున్నే మొదలుపెట్టేవాడు. "అక్కా, నీ వంకాయలు త్సు టోయర్!" నాకూ నోరు ఊరుకునేది కాదు. ఒకసారి మరిచిపోయి ఒక పెద్దామెతో "నోఖ్ ఎట్వాస్?" అన్నాను. ఇంకేమైనా కావాలా అని. "అది మా ఇంట్లో ఎవురూ తినర్లేమ్మా, ఇంత కరేపాకు వెయ్యి" అనింది.

ధర తగ్గకపోతే ఏం చేయాలో కూడా పాపకు నేర్పాను. మొహం తిప్పుకుని నడిచిపోవాలి. పది అడుగులు వేసేలోపల అమ్మేవాళ్లే పిలుస్తారు. వెనక్కి మాత్రం చూడకూడదు, చూస్తే మనం ఓడినట్టు. మొదట సిగ్గుపడింది కానీ బాగా పట్టుకుంది. నేను "కొమ్మెన్ జీ!" (అంటే రండి) అని అరిచేదాకా ఉల్లిగడ్డల అంగడి మీదుగా పోతానే ఉండేది.

పరీక్ష రోజు నేనూ నంద్యాలకు పోయాను. వరండాలో కూర్చున్నాను, తలుపు తీసే ఉంది. లోపల అమ్మేవాడు సారే. పాప టమేటాలు అడిగింది. సారు ధర చెప్పాడు.

"దాస్ ఇస్ట్ త్సు టోయర్."

సారు తన కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మళ్లీ అదే ధర చెప్పాడు. పాప మొహం తిప్పుకుంది. నడిచింది. గది దాటి వచ్చి నా పక్కన నిలబడింది.

"అయిపోయిందా మే, పరీక్ష?"

"లేదు మా. పిలుస్తాడు ఉండు."

సారు పిలవలేదు. మార్కులు వేయడానికి పెన్ను తీశాడు. పాపను లోపలికి పొమ్మని చెబుదామంటే, వెనక్కి చూడొద్దని నేర్పింది నేనే. పాప కదల్లేదు. నేనే తలుపులో తల పెట్టాను.

"సారూ, మా పాప పోలేదు. బేరంలో ఉంది. మీరు పిలవల్ల."

"ఏమని పిలవాలమ్మా?"

"కొమ్మెన్ జీ అనండి."

అన్నాడు.

"అట్ల గొణిగితే యాడ వినపడతాది సారూ? మార్కెట్లో గోల ఉంటాది."

ఈసారి లేచి నిలబడి అరిచాడు. పక్క గదుల్లో పిల్లలు తొంగి చూశారు. అప్పుడు పోయింది పాప, అదీ మూతి ముడుచుకునే. సారు ధర తగ్గించాడు. పాప, లేని సంచిలో లేని టమేటాలు వేసుకుని, కొసరు కోసం మళ్లీ చెయ్యి చాపింది. ఏం తోచక సారు ఆ చేతిలో సుద్దముక్క పెట్టాడు.

"పాసే" అన్నాడు కూర్చుంటూ. "ఈ బ్యాచిలో ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు. కానీ అమ్మా, అక్కడ ధర రాసి అతికించి ఉంటారు. బేరం ఉండదు."

"అయ్యో, అట్లయితే వాళ్లకు అంగట్లో పొద్దెట్ల పోతాది సారూ?"

సారు తర్వాతి పిల్లను పిలవబోతూ, నన్ను గేటు బయట కూర్చోమన్నాడు.

ఇదంతా రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పుచ్చు వంకాయ కనిపిస్తే పక్కకు తీసి పెడతారు కదా, నా తప్పులు కూడా అట్లే తీసేసి మిగిలింది చదవండి. క్షమించమని అడుగుతున్నాను, దీనికి మాత్రం బేరం ఆడొద్దు.