మేకుకి వేలాడిన ఫోను

మా చిన్నతనంలో మా ఇంట్లో ఫోను మేకుకి వేలాడేది...

కిటికీ పక్కన గోడకి మేకు, మేకుకి ప్లాస్టిక్ కవరు, కవర్లో ఫోను. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. ఇంటి మొత్తానికి ఆ జానెడు చోటే సిగ్నల్ ఉండేది. అక్కణ్ణుంచి కదిపితే మాట తెగిపోయేది. అందుకే స్పీకర్ పెట్టుకుని, అందరం గోడ ముందు నిలబడి మాట్లాడేవాళ్లం...

నాన్న గుజరాత్‌లో చేపల బోటు మీద పనికి వెళ్లేవాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. బోటు ఒడ్డుకి చేరినప్పుడు ఫోన్ చేసేవాడు. ఇటు అమ్మ, చూపు ఆనని నాయనమ్మ, పక్కింటివాళ్లు. అటు బోటులో ఎనిమిది మంది, వాళ్లందరికీ ఒకటే ఫోను.

"ఎలాగున్నావే సిన్నమ్మీ?" అనేవాడు.

"బాగున్నాను నాన్నా."

అంతే... నా వంతు అయిపోయేది.

ఆ ఏడాది మాత్రం నేను బాగా లేను. ఎనిమిదో తరగతితో మా ఊరి బడి ఆఖరు. తొమ్మిదికి పక్క ఊరు వెళ్లాలి. అమ్మ మానిపించేస్తానంది. "నాను గంపెత్తుకుని సేపలమ్మడానికి ఎల్పోతే సంటోణ్ణి ఎవులు సూస్తారు? నువ్వే సూడాల" అంది. అమ్మని తప్పు పట్టలేను, తమ్ముడికి అప్పటికి ఏడాదిన్నర. కానీ నాకు చదువుకోవాలని ఉంది. నాన్నతో చెప్పుకోవాలి... అమ్మ భుజానికి భుజం ఆనించి నిలబడి ఉంటే ఎలా చెప్పను? నోటిదాకా వచ్చింది మింగేసేదాన్ని. మూడు ఫోన్లు అలాగే పోయాయి.

మా ఊళ్లో ఒక అలవాటుండేది. గుజరాత్ వెళ్లేవాళ్ల చేతికి ఎండుచేపలతో పాటు మెమరీ కార్డు కూడా ఇచ్చి పంపేవాళ్లం. అందులో పాటలు ఎక్కించి, నాలుగు ఇంటి మాటలు రికార్డు చేసేవాళ్లం. ఆ వారం మా అప్పలరాజు మావ బయల్దేరుతున్నాడు. అమ్మ చేపలకి వెళ్లగానే, మొదటిసారి ఆ ఫోను మేకు మీంచి తీశాను. ఈలోగా నాన్న ఫోన్ చేస్తే ఏం గతి అని భయమేసింది. వలలు పెట్టే కొట్లో దూరి తలుపేసుకున్నాను.

"నాన్నా, నన్ను బడి మానిపించొద్దని అమ్మతో సెప్పు. నాను ఇంట్లో ఉండిపోలేను..."

ఇంకా ఏదో అన్నాను, ఏడుపొచ్చి ఆపేశాను. ఫోన్లోంచి ఆ కార్డు తీసి మావ చేతిలో పెట్టాను.

నాన్న ఒక్కడే వింటాడనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో... బోటు మీద చేపలు ఏరుతూ పాటలు పెట్టుకుంటారు కదా. పాటకీ పాటకీ మధ్యలో నా ఏడుపు ఎనిమిది మందీ విన్నారు.

పదిహేను రోజులకి మేకు మీద ఫోను మోగింది.

"పిల్ల బడి మానేది లేదు" అన్నాడు నాన్న. వెనక నుంచి ఎవరో, "బడికి పంపీ అక్కా, పాపం" అన్నారు.

అమ్మ నా వైపు చూసింది. "ఊరందరికీ సెప్పుకున్నావేటే" అంది. ఆ తర్వాత రెండేళ్లు తమ్ముణ్ణి చంకనేసుకుని, గంప నెత్తినెట్టుకుని ఊళ్లు తిరిగింది. నేను తొమ్మిదీ పదీ చదివాను, ఆ తర్వాతా చదివాను.

కానీ నాన్న మీద నాకు చిన్న కోపం మిగిలిపోయింది. అమ్మతో ఆ ఒక్క ముక్క అన్నాడు తప్ప, నాతో విడిగా ఏమీ అనలేదని...

ఇప్పుడు నాన్న సముద్రం మానేశాడు. ఎవరి ఫోను వాళ్లదే. రోజూ వీడియో కాల్ చేసి ఏం కూర వండావని అడుగుతాడు. మొన్న ఇంటికెళ్తే ఆ పాత కార్డు తెచ్చి, "ఈ పాటలు కొత్త ఫోన్లో ఎయ్యమ్మా" అన్నాడు.

లాప్‌టాప్‌లో పెట్టి విన్నాను. పాటలు... నా ఏడుపు... దాని కింద ఇంకో రికార్డింగు. ఇంజను చప్పుడు, గుసగుసగా నాన్న గొంతు.

"సిన్నమ్మీ, నానే. ఐసు పెట్టీకాడ దాక్కున్నాను, పైన అందరూ ఉన్నారు. నీ మాట మళ్లీ మళ్లీ ఇన్నాను. నన్నూ నీలాగే మానిపించీసినారే... అప్పుడు నాకు సెప్పుకోడానికి ఎవులూ లేకపోయారు. నువ్వు..."

"ఒరే, వల లాగాల, రారా" అని పైనుంచి ఎవరో కేకేశారు. అక్కడితో ఆగిపోయింది.

దాక్కుని మాట్లాడింది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ...

ఆ సాయంత్రం పాటలు ఎక్కించి ఫోన్ ఇచ్చేశాను. విన్నానని చెప్పలేదు. పక్కన అమ్మ, తమ్ముడు, అందరూ ఉన్నారు.

మీ ఇళ్లలో అలాంటి పాత కార్డులుంటే పారేయకండి. చివరిదాకా వినండి... ఏం వినిపించిందో నాకూ చెప్పండి.