గోతుల బావ

గొయ్యి కనిపిస్తే పూడ్చకుండా అక్కడి నుంచి కదలకపోవడం గోతుల బావకున్న ఒకే ఒక్క జబ్బు. మిగతా విషయాల్లో ఆయనా మనలాంటి మనిషే. పెళ్లికి బయల్దేరినా, ఆస్పత్రికి బయల్దేరినా చంకసంచిలో చేతిపార ఉండాల్సిందే. ఓసారి పక్కింటాయన మొక్క నాటుదామని గొయ్యి తీసి, మొక్క కోసం లోపలికెళ్లి వచ్చేసరికి నేల చదునుగా ఉంది. "ఎవడో బుద్ధిలేనివాడు తవ్వి వదిలేశాడండీ, నేను చూసుకున్నాను" అన్నాడు బావ చేతులు దులుపుకుంటూ.

సర్వీసంతా నీళ్ల పైపుల శాఖలో రోడ్లు తవ్వించి వదిలేసిన మనిషి, రిటైరయ్యాక పూడ్చడం మొదలుపెట్టాడు. చేసిన పాపం కడుక్కుంటున్నాడని వీధంతా నవ్వేది. అందరికన్నా వెటకారంగా నవ్వింది సొంత బావమరిదే.

బావమరిదికి నవ్వుకోవడానికి వేరే ఏం మిగిలింది గనక! ఒకప్పుడు బస్సు నడిపేవాడు. రేచీకటి పట్టుకుంది. పొద్దు వాలితే కళ్ల ముందు మసి పూసినట్టే. స్టీరింగ్ లాక్కుని టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఇంట్లో మాత్రం "నేనే అడిగి మార్పించుకున్నా" అని కోతలు కోశాడు. చూపు ఇంకా తగ్గుతుంది, చూడాలనుకున్నవేవో ఇప్పుడే చూసెయ్యమన్నాడు డాక్టరు. కిటికీ ఎదురుగోడ మీద, సముద్రంలోకి పరిగెత్తే తాబేలు పిల్లల బొమ్మ ఒకటుండేది. అదొక్కటీ కళ్లారా చూడాలనుకున్నాడు. పరాయి దేశంలో తాబేళ్ల గూళ్లు కాపాడే శిబిరానికి స్వచ్ఛంద సేవకుడిగా బయల్దేరాడు. ఒంటరిగా పంపనని అక్క బావను తగిలించింది.

డబ్బు కట్టించుకుని మరీ చాకిరీ చేయించుకునే చోటు అది. రేకుల షెడ్డు, మడత మంచాలు, పొద్దస్తమానం తీరం మీద చెత్త ఏరడం. పైగా తాబేలు పిల్లలు ఎక్కువగా రాత్రిళ్లే బయటికొస్తాయని శిబిరం నాయకురాలు చల్లగా చెప్పింది. బావమరిది ప్రాణం ఉసూరుమంది. "ఎప్పుడైనా తెల్లవారాక కూడా వస్తాయిలెండి" అందామె. ఆ ముక్క పట్టుకుని వేలాడుతున్నాడు. కళ్ల సంగతి తెలిస్తే వెనక్కి పంపేస్తారని ఎవరితోనూ అనలేదు.

బావకు మాత్రం స్వర్గం దొరికింది. జనం సరదాకి తవ్వి వదిలేసిన గోతులు తీరం నిండా ఉన్నాయి. వాటిలో పడితే తాబేలు లేవలేదు గనక, పూడ్చడం అక్కడ అచ్చంగా ఉద్యోగమే. గుడ్లు పెట్టిపోయిన తల్లి తాబేలు జాడ చూసి ఆయన పరవశించిపోయాడు.

"చూడరా! తవ్వింది, పెట్టింది, తనే పూడ్చి పోయింది! మా శాఖలో ఇలాంటి మనిషి ఒక్కడున్నాడా?"

అంతా బాగుందనుకునేలోపు కొంప మునిగింది. అలలకు దగ్గరగా ఉన్న గుడ్లను పైకి మార్చాలని నాయకురాలు కొత్త గొయ్యి తీసి, గుడ్ల బుట్ట తేవడానికి వెళ్లింది.

"ఇక్కడి గొయ్యేదీ?" అంది తిరిగొచ్చి.

"మీరేం కంగారుపడకండి. పూడ్చేశాను."

బుట్టలో గుడ్లు ఎండకు వేడెక్కుతుంటే ఆమె ఏడుపు ఒకటే తక్కువగా మళ్లీ తవ్వింది. పార లాక్కుని బావను అంట్లు తోమడానికి పంపింది. "ఇంకోసారి ఇసకలో కనిపిస్తే ఇద్దర్నీ ఇంటికి పంపేస్తాను!"

"నువ్వు మనిషివేనా బావా?" అని విరుచుకుపడ్డాడు బావమరిది. "జన్మకి ఒక్కటి కోరుకున్నాను. దాన్నీ పూడ్చేస్తావా?"

"గిన్నె అడుగంటింది. ఆ పీచు ఇటివ్వు" అన్నాడు బావ.

ఆ సాయంత్రం వెలుగు మసకబారుతుంటే బావమరిది షెడ్డుకి ఒక్కడే తిరిగొస్తూ గోతిలో పడ్డాడు. చీలమండ మెలికపడింది. అక్కడే కూలబడి కాలు పట్టుకుంటే అప్పుడు తట్టింది. ఇక్కడికొచ్చాక ఈ దారిలో ఒక్కసారీ కాలు తడబడలేదు. ఇంటి దగ్గరా అంతే. రిటైరయ్యాక చాలాకాలం పడక్కుర్చీ దిగని బావ, తను కిటికీ వెనక్కి వెళ్లిన వారంలోనే పార కొన్నాడు.

"బావా!" అని అరిచాడు. చేతులకు సబ్బు నురగతోనే వచ్చాడు బావ.

"నా కళ్ల సంగతి నీకు తెలుసా?"

"ఓ సాయంత్రం గుమ్మంలో నిలబడ్డ నన్ను పట్టుకుని 'అక్కా' అన్నావు. ఆమాత్రం తెలియదూ?"

"అక్కకి చెప్పావా?"

"చెబితే నిన్ను గడప దాటనిస్తుందా?"

"వీధంతా నిన్ను పిచ్చివాడంటుంటే..."

"నువ్వూ అన్నావుగా. లే, భుజం పట్టుకో."

ఇన్నాళ్లూ తన మీద జాలిపడుతున్నాడని బావమరిదికి కోపం ముంచుకొచ్చింది. తను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. రెండూ మింగి భుజం పట్టుకున్నాడు.

తెల్లగా తెల్లవారాక బయట కేకలు. పిల్లలొస్తున్నాయి! బావమరిది పాదం నేల మీద ఆనడం లేదు. బావ చెత్త మోసే తోపుడుబండి లాక్కొచ్చాడు.

"ఎక్కు."

"ఇసకలో కనిపిస్తే పంపేస్తానంది కదా!"

"పంపనీ. చూశాకే కదా పంపేది."

అరచేతిలో పట్టేంత పిల్లలు, నల్లగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ సముద్రం వైపు పాకుతున్నాయి. బావమరిది కళ్లార్పకుండా చూశాడు. ఏడ్చే తీరిక కూడా లేకపోయింది, ఎందుకంటే నాయకురాలు గావుకేక పెట్టింది: "బండి చక్రం జాడ! అందులో పడిపోతున్నాయి!"

బావమరిది బండిలోంచి దొర్లి, మోకాళ్ల మీద పాకుతూ రెండు చేతులా ఇసక తోసి ఆ జాడ పూడ్చసాగాడు. పార లేని బావ, నాయకురాలు చూస్తోందని చేతులు వెనక్కి కట్టుకుని, నిలవలేక అటూ ఇటూ ఊగిపోతున్నాడు.

"ఒరేయ్, ఎడమ పక్క ఇంకా పల్లంగా ఉంది."

"నువ్వు నోర్మూసుకో బావా" అన్నాడు బావమరిది, ఎడమ పక్కకి జరుగుతూ.