నాగప్ప తట్టి చూసిన మెక్సికో

నాగప్ప దేన్నయినా సరే, చూపుడువేలు మడిచి ఆ కణుపుతో టక్కుమని తట్టి, చెవి ఆనించి వినందే నమ్మడు.

కుండను తట్టాడంటే అర్థముంది. కడప పక్క పల్లెలో కుమ్మరి ఇంట్లో పుట్టినవాడు. కానీ దోహాలో అల్ తుమామా పేటలోని ఒక విల్లాకు డ్రైవరుగా వచ్చాక, కనబడ్డదల్లా తట్టడం మొదలుపెట్టాడు. పొద్దున్నే కారు నాలుగు తలుపులూ తట్టేవాడు. గ్యాస్ సిలిండరు తట్టేవాడు. మిద్దె మీదికి ఎక్కి నీళ్ళ ట్యాంకు తట్టేవాడు. విల్లా గోడను తట్టి, "సిమెంటంతా కాంట్రాక్టరు తినేసినాడు" అని తేల్చేవాడు. ఒకసారి వీసా పనులు చూసే ముజఫ్ఫర్ అలీ నల్ల బ్రీఫ్‌కేసు పట్టుకుని దర్జాగా వచ్చాడు. ఆయన కాఫీ తాగుతుంటే నాగప్ప ఆ బ్రీఫ్‌కేసునూ తట్టాడు.

"లోపల ఏం లేదు. ఒక పెన్ను ఉండాది, అంతే."

ఆ తర్వాత ముజఫ్ఫర్ అలీ ఎప్పుడొచ్చినా బ్రీఫ్‌కేసును ఒళ్ళో పెట్టుకునే కూర్చునేవాడు.

రమీజా ఆ ఇంట్లో పనికి చేరిన రోజు, నాగప్ప ముందు ఆమె రేకు పెట్టెను తట్టాడు. తర్వాతే పలకరించాడు.

"రేకు గట్టిదే. బట్టలు తక్కువ. యా ఊరు అమ్మీ?"

"ప్రొద్దుటూరు పక్కన," అంది రమీజా తల వంచుకుని.

"అట్లయితే నేను నీకు మామను. ఈడ భయపడేదానికి ఎవరూ లేరు, ఒక్క కుండలు తప్ప."

ఆయన నవ్వుతూ అన్నాడు గానీ రమీజా నిజంగానే భయపడింది. ఎందుకంటే అంతకుముందు ఉమ్ సలాల్‌లో ఒక ఇంట్లో గాజు జగ్గు చెయ్యి జారిందని మూడో వారానికే ఆమెను ఏజెన్సీ ఆఫీసుకు తిప్పి పంపేశారు. "ఇంకొక్క కంప్లైంటు వస్తే నేరుగా విమానమే" అన్నారు ఆఫీసువాళ్ళు. తన చదువు ఎనిమిదో తరగతిలో ఆగింది. చెల్లెలు ఖాసింబీ పదో తరగతి చదువుతోంది. అక్క వెనక్కి వచ్చేస్తే ఆ చదువూ ఆగిపోతుంది. అందుకే రమీజా గాజు, పింగాణీ, మట్టి ఏదైనా చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తేది. అలాంటి పిల్ల వచ్చి వచ్చి పడింది నేల నుంచి కప్పు దాకా మట్టి పాత్రలున్న ఇంట్లో.

ఇంటి యజమానురాలు లూపే మేడమ్‌ది మెక్సికో దేశం. భర్త గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. పెళ్ళికి ముందు ఆమె తన దేశంలో కుండల ఊళ్ళు చూడవచ్చేవాళ్ళను అన్ని ఊళ్ళూ తిప్పి చూపించేదట. ఇక్కడ ఆ ఊళ్ళు లేవు కాబట్టి ఒక్కో గదిని ఒక్కో ఊరు చేసేసింది. హాలు ప్వెబ్లా. అక్కడ తెలుపు మీద నీలం పూల పళ్ళేలు. నడవా కొయొతెపెక్. అక్కడన్నీ నల్ల కూజాలు. వంటిల్లు అత్సోంపా, ఆకుపచ్చ మెరుగు గిన్నెలు. మెట్ల కింద మెతెపెక్. అక్కడ ఒకే ఒక్క వస్తువు, మట్టితో చేసిన చెట్టు. నిండా పూలు, ఆకులు, పిట్టలు. మేడమ్ వాళ్ళ అవ్వ చేతి పని.

నెలకో శుక్రవారం వెస్ట్ బే నుంచి ఆఫీసర్ల భార్యలు వచ్చేవాళ్ళు. మేడమ్ వాళ్ళను పొద్దున పది నుంచి భోజనాల దాకా మెక్సికో అంతా తిప్పేది. మూడేళ్ళుగా నాగప్ప వాళ్ళ వెనకాలే ట్రే పట్టుకుని తిరిగాడు. ఆయనకు మెక్సికో మొత్తం నోటికి వచ్చేసింది.

"ఈ కొయొతెపెక్‌లో కుండలు తిప్పే సారె లేదు అమ్మీ, తెలుసునా? ఒక సాసరు బోర్లించి, దానిపైన ఇంకో సాసరు పెట్టి, చేత్తో తిప్పుతారు. మా నాయన చూసింటే నగి నగి సచ్చిపోయేవాడు." అంటూనే నల్లగా మెరిసే కూజాను తట్టేవాడు. డబ్‌మనేది. పక్కనే మెరుపులేని బూడిదరంగు కూజాను తట్టేవాడు. గుడిగంటలా మోగేది. "మెరిసేదాంట్లో నీళ్ళు నిలవవు. ఇది సూడు, ఎంత పోసినా ఒక్క సుక్క కారదు. బాగా కాలింది."

కుండల విషయంలో ఆ వేలు ఎన్నడూ తప్పు చెప్పలేదు. పుచ్చకాయల విషయంలో ఒక్కసారీ నిజం చెప్పలేదు.

ప్రతి గురువారం సాయంత్రం ఖుత్బుద్దీన్ కొట్టు ముందు నాగప్ప పుచ్చకాయల కుప్ప మీద వంగి ఒక్కోటీ తట్టేవాడు. ఖుత్బుద్దీన్ తల పట్టుకునేవాడు.

"అరే నాగప్పా భాయ్, అది పుచ్చకాయ. తలుపు కాదు, లోపల్నించి ఎవరూ రారు!"

"ఉండు సాయిబూ, ఇది ఏమో సెప్తాంది."

అరగంటకు ఒకటి తేలేది. ఇంటికి తెచ్చి కోస్తే లోపల సొరకాయలా తెల్లగా ఉండేది. బిల్డింగు పనిచేసే పోశన్న ప్రతి శుక్రవారం కూలీల క్యాంపు నుంచి వచ్చేది నాగప్పను చూడటానికో, ఈ పుచ్చకాయ కోసే తమాషా చూడటానికో ఎవరికీ తెలియదు.

"ఏందన్నా, మల్ల తెల్లగనే వచ్చె! మూడేండ్ల సంది ఎర్ర కాయ మొఖం సూడకపోతిమి. నీ ఏలు అరిగిపోతది గని కాయ పండది."

"కోసినాక కూడా పండుతాదిలే పోశన్నా, తిను."

ఇక ఆ శుక్రవారం సంగతి. ఇరవైమంది వస్తారనగా లూపే మేడమ్‌కు గొంతు పూర్తిగా పోయింది. ఒక్క మాట పెగలడం లేదు. మెడకు శాలువా చుట్టుకుని, చేతిలో కాగితాల పుస్తకం పట్టుకుని కూర్చుంది. అందులో రాసి నాగప్పకు చూపించింది. ఈరోజు గైడు నువ్వే.

నాగప్ప తన వేలివైపు ఒకసారి చూసుకున్నాడు. లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. ఆరోజు కుర్చీలు మోయడానికి వచ్చిన పోశన్న నోరు తెరిచి చూశాడు.

"పెండ్లికొడుకు లెక్కున్నవన్నా."

"నోరు మూసుకుని కుర్చీలు ఎయ్యి. ఇయ్యాల నేను మెక్సికో."

సరిగ్గా ఆ సమయానికే మెట్ల కింద రమీజా మట్టిచెట్టుకు దుమ్ము తుడుస్తోంది. ఊపిరి బిగబట్టి తుడుస్తోంది. అంతా అయిపోయి, హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగేసరికి ఓణీ కుచ్చు ఒక కొమ్మకు తగులుకుంది. టిక్ అని చిన్న చప్పుడు. బొటనవేలంత నీలం పిట్ట ఊడి చేతిలో పడింది.

రమీజాకు విమానం రెక్క కనబడింది. దాని వెనక ఖాసింబీ బడిసంచీ కనబడింది. పిట్టను ఓణీ కొంగున ముడి వేసుకుని నిలబడిపోయింది.

అప్పుడే నాగప్ప అతిథులను తిప్పే దారి చూసుకోవడానికి అటు వచ్చాడు. చెట్టును చూశాడు. ఖాళీ కొమ్మను చూశాడు. కొంగు ముడిని చూశాడు. పక్కనున్న స్తంభాన్ని టక్ టక్ అని తట్టాడు.

"టీ పెట్టు అమ్మీ, గొంతెండిపోతాంది" అని వెళ్ళిపోయాడు.

పది గంటలకు యాత్ర మొదలైంది. నాగప్ప చెయ్యెత్తి, "యల్లా మేడమ్స్, ఎవ్రీబడీ బ్యాక్‌సైడ్!" అన్నాడు. ఇరవైమందీ ఆయన వెనక వరసకట్టారు.

"దిస్ ప్వెబ్లా. మెక్సికో సిటీ టు ప్వెబ్లా, సేమ్ కడప టు ప్రొద్దుటూర్. మార్నింగ్ గో, ఈవినింగ్ కమ్."

ఒక పొడుగాటి దొరసాని పుస్తకంలో రాసుకుంటూ, ప్రొద్దుటూరు మెక్సికోలో ఎక్కడుందని అడిగింది.

"ఆఫ్టర్ ప్వెబ్లా, లెఫ్ట్ సైడ్," అన్నాడు నాగప్ప తడుముకోకుండా.

ఆమె రాసుకుంది. కుర్చీలో మేడమ్ శాలువాతో నోరు కప్పుకుంది. దగ్గో నవ్వో తెలియలేదు.

నడవాలో రెండు సాసర్లు తెప్పించి, ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పి చూపించాడు. "నో వీల్. టూ ప్లేట్, రౌండ్ రౌండ్!" ఇరవైమంది చేతా కూజాలు తట్టించాడు. పెద్ద పెద్ద ఆఫీసర్ల భార్యలు వంగి, కూజాలకు చెవులానించి, "ఓ!" అన్నారు. వంటిట్లో అత్సోంపా గిన్నెల దగ్గర ఒకామె గ్యాస్ సిలిండరును కూడా తట్టింది. నాగప్ప మెచ్చుకోలుగా తల ఊపాడు.

చివరికి మెట్ల కిందికి చేరారు. రమీజా షర్బత్ గ్లాసుల ట్రే పట్టుకుని గోడకు అతుక్కుపోయి ఉంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. చెట్టు మీద ఖాళీ కొమ్మ ఆమెకు మాత్రం చెట్టంత పెద్దగా కనబడుతోంది.

నాగప్ప చెట్టు పైకి చెయ్యి చూపిస్తూ, అదే గైడు గొంతుతో, అదే రాగంతో అచ్చ తెలుగులో మొదలుపెట్టాడు.

"అమ్మీ, ఆ పిట్టను గ్లాసుల సందున పెట్టి, మెల్లగా నా పక్కకి రా. ఏడవొద్దు. మొగం మామూలుగా పెట్టు."

దొరసానులందరూ భక్తిగా చెట్టు పైకి చూస్తూ తలలు ఊపారు. పొడుగామె పెన్ను తీసింది. అది ఏ భాషో చెప్పమంది.

"ఓల్డ్ విలేజ్ లాంగ్వేజ్, మేడమ్. పాటర్ పీపుల్ లాంగ్వేజ్," అన్నాడు నాగప్ప. అబద్ధమేమీ కాదు.

రమీజా ట్రేను గోడకు ఆనించి కొంగు ముడి విప్పి, పిట్టను గ్లాసుల సందున పెట్టి నాగప్ప పక్కకు జరిగింది. నాగప్ప ట్రేలోంచి ఎడంచేత్తో గ్లాసును, దాంతోపాటే పిట్టనూ తీసుకున్నాడు. కుడిచేతి వేలు మడిచి, మూడేళ్ళలో మొదటిసారి ఆ చెట్టును తట్టాడు.

టక్.

నీలం పిట్ట తివాచీ మీద పడింది.

"అయ్యయ్యో! సారీ మేడమ్! మై ఫింగర్. వెరీ బ్యాడ్ ఫింగర్!"

మేడమ్ లేచి వచ్చింది. పిట్టను తీసుకుంది. నాగప్పను చూసింది. రమీజాను చూడలేదు. కాగితం మీద ఏదో రాసి పొడుగామె చేతికిచ్చింది. ఆమె పైకి చదివింది. "ఈ ఇంట్లో నాగప్ప రెండు నెలలు ఏమీ తట్టకూడదు."

నాగప్ప ముఖం చూడాలి. జీతం కోసినా అంత బాధపడడు.

మర్నాటి నుంచి ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాడు. గేటుకు బయటివైపు ఇంట్లోకి రాదని తేల్చుకుని, బయట నిలబడి గేటును తట్టేవాడు. టీ కప్పు ముందు పెడితే వేలు దానంతటదే వంగి లేచేది. ఎడంచేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించేవాడు. నాలుగో రోజు కూర సగం ఉడికాక గ్యాస్ అయిపోయింది. ముందే తట్టి చెప్పేవాడు లేడు.

రమీజా అన్నీ చూస్తూనే ఉంది. ఆరోజు ధైర్యం చేసి మేడమ్ గదికి వెళ్ళింది. అప్పటికి మేడమ్‌కు గొంతు వచ్చింది. ఆ ఇంట్లో చేరాక రమీజా తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి.

"మేడమ్, బర్డ్... నాగప్ప నో. మీ. మై దుపట్టా. ప్లీజ్, నో సెండ్ హోమ్."

 మేడమ్ బల్ల సొరుగు లాగింది. అందులో విరిగిన కప్పు చెవి, పళ్ళెం ముక్క, మట్టిగుర్రం తోక. ఒక్కోదానికీ తేదీ రాసిన చీటీ ఉంది. ఒక్కోటీ చూపిస్తూ, రమీజాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. కప్పు నీకంటే ముందు పనిచేసిన శివకుమారి పగలగొట్టింది. నాగప్ప వచ్చి 'మై ఫింగర్' అన్నాడు. గుర్రం తోక విరగ్గొట్టింది అప్పటి వంటమనిషి. 'మై ఫింగర్' అన్నాడు. ఇక ఈ పళ్ళెం...

మేడమ్ గొంతు తగ్గించింది. "మా ఆయన. దానికీ 'మై ఫింగర్'!"

రమీజా పళ్ళెం ముక్క మీది చీటీని వంగి చూసింది.

"మా అవ్వ కూడా అలాగే తట్టేది. కుమ్మరి వేలు కుండను పగలగొట్టదు. మూడేళ్ళలో ఆ వేలు ఒక్కటీ పగలగొట్టలేదు."

"మరి పనిష్మెంట్?"

"తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష వెయ్యాలిగా. వెయ్యకపోతే నాకు తెలుసని ఆయనకు తెలిసిపోతుంది. అప్పుడు తర్వాతివాళ్ళను ఎలా కాపాడతాడు?" మేడమ్ నీలం పిట్టను, జిగురు సీసాను రమీజా చేతిలో పెట్టింది. "నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు. దీన్ని నేనే రెండుసార్లు ఊడగొట్టాను. ఈసారి నువ్వు అతికించు. ఆయనతో మాత్రం ఏమీ చెప్పకు."

ఆ సాయంత్రమే నాగప్ప శిక్ష రద్దయింది. గ్యాస్ సంగతి చూసి మేడమ్ దిగొచ్చిందని ఆయన నమ్మకం. ఆనందంతో ఇంటి చుట్టూ తిరిగి గోడలన్నీ తట్టాడు. అక్కడినుంచి నేరుగా ఖుత్బుద్దీన్ కొట్టుకు పోయి, శుక్రవారానికి ఒక పెద్ద పుచ్చకాయ తెచ్చాడు. శుక్రవారం పోశన్న రాగానే దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇదీ కాయంటే! గంట మాదిరి పలికింది. పోశన్నా, కత్తి పట్టు."

పోశన్న కోశాడు. లోపల సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. పోశన్న నవ్వడానికి నోరు తెరిచేలోపే రమీజా చెయ్యి చాపి ఒక ముక్క తీసుకుంది. నమిలింది. మింగింది.

"ఎట్లుండాది అమ్మీ?"

"తియ్యగా ఉంది మామా."

"తియ్యగనా?" అని పోశన్న అరిచాడు. రమీజా బల్ల కింద అతని కాలు గట్టిగా తొక్కింది. అతని నోట్లో ఇంకో ముక్క పెట్టింది.

పోశన్న చాలాసేపు నమిలాడు. రమీజాను చూశాడు. నాగప్పను చూశాడు.

"అవునన్నా. శక్కరే."

నాగప్ప తన చూపుడువేలిని చొక్కాకు తుడిచి, మిగిలిన సగం కాయను ప్రేమగా తట్టాడు.

"నేను చెప్పలే!"