తుల్జమ్మ పైకొచ్చిన మధ్యాహ్నం

శవం దొరకని కొడుకు చనిపోయాడని తల్లికి రుజువు చేయమంటే, మీరు ఏం చూపిస్తారు?

నేనేమీ చూపించలేకపోయాను. ఇన్నేళ్లుగా రుజువు అడగడమే నా పని. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఎవరికి దయ్యం పట్టిందన్నా వెళ్లి వాదించాను. మంత్రగాడి నిమ్మకాయలో ఎరుపు ఎలా వస్తుందో పదిమంది ముందు కోసి చూపించాను. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు.

మా తమ్ముడు విఠల్ సముద్రంలో కొలత యంత్రాలు వదిలే ఓడలో పనిచేసేవాడు. అవి మనిషంత పొడవున్న పసుపురంగు గొట్టాలు. ఒక్కొక్కటీ కిలోమీటరుకు మించిన లోతుకు మునిగి, నీళ్ల వేడినీ ఉప్పునూ కొలుచుకుంటూ, పది రోజులకోసారి పైకి తేలి ఉపగ్రహం ద్వారా కబురు పంపుతుంది. ప్రపంచంలోని సముద్రాలన్నిటిలోనూ ఇలాంటివి తిరుగుతున్నాయి. నారాయణఖేడ్ పక్కనే ఉన్న మా నాగల్‌గిద్ద కంది చేలకు వాన ఎప్పుడో అంచనా వేయడానికీ ఆ కొలతలు పనికొస్తాయి. ఏ గొట్టం ఎక్కడ తేలిందో కొన్ని గంటల్లో ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు. “ఇట్ల చూడాలె అక్కా” అని నాకు విఠలే నేర్పాడు.

వాళ్ల ఓడలో ఒక అలవాటు ఉండేది. గొట్టాన్ని నీళ్లలోకి దించేవాళ్లు దానిమీద ఇష్టమైన పేరు రాయాలి. విఠల్ తెలుగులో ‘తుల్జమ్మ’ అని రాశాడు. మా అమ్మ పేరు.

“అమ్మా, నిన్ను సముద్రంల ఇడిసిపెట్టిన” అన్నాడు ఫోన్‌లో.

“ఈత రానిదాన్ని ముంచుతవురా, సచ్చినోడా!” అని అమ్మ పడీపడీ నవ్వింది. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాతి ప్రయాణంలో, పాడైన యంత్రాన్ని తీయబోతుంటే చిన్న పడవ తిరగబడి విఠల్ గల్లంతయ్యాడు. వెతికారు. దొరకలేదు.

అమ్మ నమ్మలేదు. దినాలు చేయనివ్వలేదు. గొట్టం తేలే రోజు వస్తే చాలు, “పైకొచ్చిందా బిడ్డా?” అని అడిగేది. వచ్చిందంటే ఆ పూట రొట్టె తినేది. “నా పేరు పట్టుకొని వాడు ఒడ్డుకొస్తడు” అనేది. అది యంత్రమనీ, దానికి విఠల్ ఎవరో తెలియదనీ ఎన్నోసార్లు చెప్పాను.

“నీకు అన్నీ తెలుసు. తమ్ముడు ఏడున్నడో గదొక్కటే తెల్వది” అంది ఒకరోజు.

మళ్లీ నేను వాదించలేదు.

వానాకాలంలో గొట్టం మూగబోయింది. నెలలు గడిచాక, అది పనిచేయడం లేదని ఫోన్‌లో కనిపించింది. చెబితే అమ్మ ఏడ్చింది. విఠల్ కబురు విన్ననాడు కూడా అలా ఏడవలేదు. చివరికి కళ్లు తుడుచుకుని, “ఇగ పిట్టకు పెడదాం” అంది.

పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, చేను దగ్గర పెట్టి, కాకి ముట్టేదాకా కూర్చోవడం మా దగ్గరి ఆచారం. నాకు ఇలాంటివి పడవు. అమ్మ కోసం వెళ్లాను. కోడికూర, జొన్నరొట్టె విస్తరిలో పెట్టి మధ్యాహ్నం ఎండలో కంది చేను గట్టున కూర్చున్నాం. కాకి వచ్చింది. వేపకొమ్మ మీద కూర్చుంది. దిగలేదు.

“చిన్నప్పటి సంది గంతే. పిలిస్తే జల్దీ వస్తడా వాడు?” అన్నాడు మా మేనమామ. తర్వాత కొమ్మ వైపు చూసి, “ఏందిరా విఠల్, కూరల ఉప్పు తక్కువైందా?” అన్నాడు.

అప్పుడు అమ్మ రెండు చెవులూ మూసుకుంది. “చెవులు దిబ్బడేసినయి బిడ్డా. నీళ్లు... మస్తు నీళ్లు” అంటూ ముందుకు వంగిపోయింది. పట్టుకున్నాను. అంత ఎండలోనూ చేతులు చల్లగా ఉన్నాయి. కాసేపటికి తల పైకెత్తి, మునిగి లేచిన మనిషిలా గట్టిగా ఊపిరి తీసుకుంది.

“పైకొచ్చింది. ఫోన్ చూడు” అంది.

చూశాను. ఏమీ లేదు. రాలేదమ్మా అన్నాను. కాకి దిగి రొట్టెముక్క పట్టుకుపోయింది. కాకిని నేను లెక్కలోకి తీసుకోను. ఆకలేస్తే ఏ కాకైనా తింటుంది.

సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ చూశాను. తుల్జమ్మ తేలింది. కబురు పంపిన సమయాన్ని మన గడియారానికి మార్చుకున్నాను. నమ్మకం కలగక మళ్లీ మార్చాను. మేం గట్టున కూర్చున్న సమయమే. ఆ గొట్టం ఇంకెప్పుడూ పలకలేదు.

మూగబోయిన యంత్రం ఒకసారి పలకొచ్చు. ఏడ్చి ఏడ్చి చెవులు మూసుకుపోవచ్చు. రెండూ ఒకేసారి జరగొచ్చు. ఇంకొకరి ఇంట్లో జరిగి ఉంటే నేనే ఈ మాటలు చెప్పి, అక్కడితో ఆపేదాన్ని. కానీ నా ఫోన్‌కు సాయంత్రం చేరిన కబురు అమ్మకు మధ్యాహ్నమే ఎలా అందింది? నాకు తెలియదు. తెలియకపోవడం దయ్యానికి రుజువు కాదు. అయినా తెలియదు.

అమ్మ ఇప్పుడు “పైకొచ్చిందా?” అని అడగడం లేదు. ఒకప్పుడు ఆ ప్రశ్నకు విసుక్కున్నాను. ఇప్పుడు ఫోన్ తీసినప్పుడల్లా ఆమె అడుగుతుందేమోనని ఎదురుచూస్తున్నాను.

ఆ గొట్టం ఎప్పుడో ఒకనాడు ఒడ్డుకు కొట్టుకురావచ్చు. సముద్రం పక్కన ఉండేవాళ్లు వినండి. ఇసుకలో పసుపురంగు గొట్టం కనిపించి, దానిమీద ‘తుల్జమ్మ’ అని ఉంటే పగలగొట్టకండి. కుంకుమ పెట్టి దేవుణ్ణి చేయకండి. అది మా తమ్ముడి చేతిరాత. చెరిగిపోకుండా గుడ్డ చుట్టి, నారాయణఖేడ్‌కు కబురు చేయండి.