ఇస్తారి ఢిల్లీ ఓటు

కరీంనగర్ దాటి, రైల్వే గేటు అవతల ఉన్న కాలనీ పార్లమెంటు ఎన్నికల చరిత్ర తెలుసుకోవాలంటే పెద్దగా శ్రమపడనక్కర్లేదు. గిర్ని ఇస్తారి ఏ ఎన్నికలో ఎవరికి ఓటేశాడో కనుక్కొని ఆ పేరు కొట్టేస్తే చాలు. మిగిలినవాళ్ళలో ఎవరో ఒకరు ఢిల్లీ వెళ్ళి ఉంటారు.

పద్దెనిమిదేళ్ళకే ఓటు అని సర్కారు చెప్పిన ఏడాదే ఇస్తారికి పద్దెనిమిది నిండాయి. ఆ మొదటి ఎన్నికలో అతను తలస్నానం చేసి, బళ్ళో వరుసలో నిలబడి, తువ్వాలంత కాగితం మీద తనకు నచ్చినవాడి గుర్తుపై ముద్ర కొట్టి, మడిచి పెట్టెలో వేశాడు. ఆ అభ్యర్థి ఓడిపోయాడు. మొదటిసారి కదా, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి ఎన్నికలో ఇస్తారి ఓటేసినవాడూ ఓడాడు, ఆ తర్వాత కూడా. కాగితాలు పోయి కూతపెట్టే మిషన్లు వచ్చాయి. నియోజకవర్గం హద్దులు మార్చారు. కొన్ని మండలాలు పోయాయి, కొన్ని వచ్చాయి, చివరికి రాష్ట్రమే వేరైంది. ఇస్తారి ఓటు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

విచిత్రమేమిటంటే అసెంబ్లీకి, మున్సిపాలిటీకి వేసినప్పుడు అతను అందరిలాగే కొన్నిసార్లు గెలిచేవాడు, కొన్నిసార్లు ఓడేవాడు. ఢిల్లీ ఓటుకే ఆ తెగులు పట్టింది. ఒకసారి తెలివి ఉపయోగించి, తనకు బొత్తిగా గిట్టనివాడికి వేశాడు. వాడు ఓడిపోయాడు, ఇస్తారి కోరుకున్న మనిషి గెలిచాడు. ఇస్తారి కాలనీ అంతా మిఠాయి పంచాడు. సగం పంచాక గుర్తొచ్చింది, ఈసారి కూడా తన ఓటు ఓడిందని.

ఇదంతా కాలనీకి ఎలా తెలుసంటే, ఇస్తారి ఇంటి ముందు గదిలో నడిపేది పిండి గిర్ని. ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడు మధ్య మాట్లాడీ మాట్లాడీ అతనికి మెల్లగా మాట్లాడటం రాదు. పోలింగు రోజు ఇంటికొచ్చి భార్య దుర్గవ్వ చెవిలో చెప్పిన రహస్యం రైల్వే గేటు దగ్గర రైలు కోసం ఆగినవాళ్ళకు కూడా వినిపించేది.

మొన్నటి పార్లమెంటు ఎన్నికల్లో పోటీ కుర్చీ గుర్తుకు, తాళంచెవి గుర్తుకు మధ్య. ముందుగా కుర్చీ తరఫున హనుమండ్లు గిర్నికి వచ్చాడు.

"ఇస్తారన్నా, దండం పెడుత. గీసారి మాకెయ్యకు."

"మీ సారు మంచోడే అంటున్నరు గదనే?"

"మంచోడే. గందుకే ఎయ్యకంటున్న. తాళంచెవికి ఎయ్యి. ఆయన గూడ మంచోడే."

మర్నాడు తాళంచెవి తరఫున రంజిత్ వచ్చి అదే దండం పెట్టి, కుర్చీకి వేయమన్నాడు. తమకు ఓటు వద్దని రెండు పార్టీలూ ఇంటికొచ్చి బతిమాలిన ఓటరు ఈ దేశంలో బహుశా ఇస్తారి ఒక్కడే.

ఇస్తారికి కోపం రాలేదు. అతనికి ఉన్న కోరిక ఒక్కటే. గెలిచినవాళ్ళ ఊరేగింపులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముఖానికి గులాల్ పూసుకొని, ఇందులో నా ఓటు కూడా ఉంది అనుకుంటూ గేటు దాకా నడవాలి. వయసు యాభై దాటింది. పార్లమెంటు ఎన్నికలు ఐదేళ్ళకోసారి వస్తాయి. లెక్క అతనికీ తెలుసు.

"నువ్వు ఊరందరికీ చెప్పుడుతోనే దిష్టి తగుల్తది," అంది దుర్గవ్వ. "గీసారి నాకు గూడ చెప్పకు. నోరు మూసుకొని ఉండు."

ఇస్తారి అలాగే చేశాడు. కుర్చీ మీద నొక్కాడు. అద్దం వెనక చీటీ మీద కుర్చీ బొమ్మ కనిపించి డబ్బాలో పడేదాకా చూశాడు. మూతికి తువ్వాల అడ్డం కట్టుకొని ఇంటికి వచ్చాడు.

మే ఎండల్లో ఓట్లు, జూన్‌లో లెక్కింపు. ఆ మధ్య రోజుల్లో ఇస్తారి నోటి నుంచి ఎన్నికల ముచ్చట ఒక్కటీ రాలేదు. మిర్చి పట్టించడానికి వచ్చినవాళ్ళు గొంతు డాక్టరు పేరు చెప్పి పోయారు. హనుమండ్లు, రంజిత్ వేర్వేరుగా వచ్చి అతని మొహం చూసి, ఏమీ అర్థంకాక, అవసరం లేకపోయినా గోధుమలు పట్టించుకొని వెళ్ళారు.

కుర్చీ గెలిచింది.

ఆ సాయంత్రం డీజే బండి గిర్ని ముందుకు వచ్చేసరికి ఇస్తారి ఒంటి మీది పిండి కడుక్కొని, తెల్లచొక్కా వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. గులాల్ కోసం చెయ్యి చాపాడు. హనుమండ్లు అతన్ని భుజం పట్టి మెల్లగా పక్కకు తెచ్చాడు.

"అన్నా, నీ బాధ నాకెరికే. కానీ గిది మా ఊరేగింపు."

"నేను కుర్చీకే ఏసిన్నే!"

"గెలిచినంక అందరు గట్లనే అంటరు. నువ్వు గూడ మొదలుపెట్టకు. ఇన్నేండ్లు సంపాయించుకున్న ఇజ్జత్ ఉన్నది నీకు."

"నా చీటీ డబ్బాల ఉన్నది. తీసి సూడుండ్రి."

"చీటీ మీద పేరుంటదా అన్నా?"

ఉండదు. ఇస్తారిని అబద్ధమాడాడని ఒకరు అనడం అతని జీవితంలో అదే మొదటిసారి. బండి ముందుకు కదిలింది. కుర్రవాళ్ళు చల్లిన గులాల్ కొంత గిర్ని మెట్ల మీద పడింది.

ఎదురుగా తాళంచెవి వాళ్ళ టెంటులో రంజిత్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇస్తారిని చూసి లేచి వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు.

"మాకే ఏసినవు గదనే. నేను వద్దన్నా ఇనకపోతివి."

"లేదు తమ్మీ. కుర్చీకి ఏసిన."

"మా మనసు నొయ్యొద్దని గట్ల అంటున్నవు. మేము ఓడిపోయినం, ఇంకేం సాక్ష్యం గావాలె?"

చాయ్ తెప్పించి చేతిలో పెట్టాడు. ఇస్తారి గెలిచిన ఓటు కడుపులో పెట్టుకొని, ఓడినవాళ్ళ చాయ్ పూర్తిగా తాగి, ఇంటికొచ్చాడు.

దుర్గవ్వ గిర్ని మెట్ల మీద కూర్చుని పిండి జల్లెడ దులుపుతోంది.

"నువ్వన్న నమ్ముతవానే? కుర్చీకి ఏసిన."

"నమ్ముత. నేను గూడ దానికే ఏసిన."

ఇస్తారి పక్కన కూర్చున్నాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "పోయినసారి?" అన్నాడు.

"పోయినసారి గూడ గెలిచినోనికే ఏసిన."

"అంతకుముందు?"

"నా ఓటు ఎప్పుడూ ఓడలేదయ్యా," అంది దుర్గవ్వ, ఇవాళ కూరేమిటో చెప్తున్నట్టు. "పెండ్లయి వచ్చినసంది."

ఇస్తారి ఆమె దులుపుతున్న జల్లెడను చేత్తో ఆపాడు.

"ఎట్ల తెలుస్తదే నీకు?"

"తెలువనీకేమున్నది. నువ్వు మిషన్ కాడ ఉంటవు, సప్పుడుల ఏం ఇనబడదు. నేను పిండి పట్టియ్య వచ్చిన ఆడోళ్ళ కాడ కూసుంట. ఎవరింట్ల ఎవరికేస్తున్నరో వాళ్ళే చెప్పుకుంటరు. అందరు ఎటుంటే నేనటు."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"అడిగినవా? ఓట్ల రోజు ఇంటికొచ్చి నీది నువ్వే చెప్తుంటివి."

దుర్గవ్వ జల్లెడ పక్కన పెట్టి, మెట్ల మీద పడ్డ గులాల్ వేలితో తీసి, దుమ్ము ఊది, అతని నొసటన, రెండు చెంపలకూ పూసింది. ఆ తర్వాత ఇద్దరూ గేటు దాకా నడిచి వచ్చారు. డీజే లేదు, వెనక జనం లేరు. కూరగాయలు కూడా కొనుక్కొచ్చారు.

మర్నాడు పొద్దున్నే రంజిత్ మిర్చి సంచితో వచ్చాడు. ఇస్తారి చెంపల మీద ఇంకా పోని ఎరుపు చూసి మొహం చిట్లించాడు.

"ఎవరు పూసిన్రే గిది?"

"గెలిచినోళ్ళు."

"కుర్చోళ్ళా? ఓడినోన్ని పట్టుకొని గట్ల ఆడుకుంటరా?" అన్నాడు రంజిత్ బాధగా. "నువ్వు మనసుల పెట్టుకోకన్నా."

"పెట్టుకోలే," అన్నాడు ఇస్తారి, మిషన్ ఆన్ చేస్తూ. "సన్నగ పట్టాల్నా, దొడ్డుగనా?"