సిలువ లేని చర్చిలో తెర అనే మాట

నూకరాజుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని పోయిన వేసవిలో తెలిసింది. ఆ మాట మెల్లగా తిరిగి వస్తున్నదనీ, ఈ ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెప్పబోతున్నాడనీ, నన్ను రమ్మంటున్నాడనీ అతని భార్య పోలమ్మ మొన్న ఫోనులో చెప్పింది. నేను ఉక్కునగరం బడిలో తెలుగు పండితుడిగా ఉన్న కాలంలో అతడు కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు. మా రెండు ఇళ్ళకూ నడుమ ఒకటే పిట్టగోడ. జాలరి కుటుంబంలో పుట్టి, నడివయసులో క్రైస్తవంలోనే ఒక వేరు శాఖ అయిన మోర్మన్ మార్గంలో చేరాడు. సాయంకాలాల్లో ఆ గోడకు అటూ ఇటూ మోచేతులాన్చి, నా పురాణాలతో అతడూ అతని సువార్తతో నేనూ తగవు పెట్టుకునేవాళ్ళం. అలాంటి మనిషి మాట కోసం వెతుక్కుంటున్నాడంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

నేనిప్పుడు ఉంటున్న విజయనగరంలో ఉదయపు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. టికెట్ వంద రూపాయలకు కాస్త అటూ ఇటూ, ప్రయాణం గంటన్నర. పెద్ద బస్టాండు కాంప్లెక్స్ దాకా వెళ్ళకుండా మద్దిలపాలెంలో దిగితే సముద్రం వైపు పోవడం తేలిక. డిపో ఎదుట కాఫీ తాగి ఒక ఆటో పిలిచాను. నూకరాజు ఇల్లు చర్చి వెనక సందులో ఉంది కనుక ఆ చర్చి గుర్తే చెప్పాను.

"ఏ సర్చండి బాబూ? సందుకో సర్చుంది" అన్నాడు ఆటో అతను.

"దాని మీద సిలువ ఉండదట."

"సిలువ నేని సర్చేటండి, గంట నేని గుడినాగ! ఓహో... తెల్ల సొక్కాలేసుకుని, టైలు కట్టుకుని జంటలుగా తిరుగుతారు, ఆల్లదా? ముందే సెప్పాల గదండి!" ఎనభై అడిగినవాడు నవ్వుకుంటూ అరవైకే తీసుకువెళ్ళాడు.

పోలమ్మ గ్లాసు నిండా చోడి అంబలి చేతికిచ్చింది. రాగులను ఈ ప్రాంతంలో చోళ్ళంటారు. "కాపీ, టీ ఈయన మతంలో తాగరు మాస్టారూ. నాను మా ఊరి అమ్మోరినే కొలుత్తన్నాను, అయినా నాకూ మానిపించేసినారు" అని ఫిర్యాదు చేసింది. మంచం మీద కూర్చున్న నూకరాజు నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

ఆనాటి పాఠం బాల యేసును గురించి. వీరి విశ్వాసం ప్రకారం పుట్టుకకు ముందు మనమంతా దైవసన్నిధిలో ఉన్నవాళ్ళమే. పుట్టేవేళ నడుమ ఒక తెర పడి వెనుకటిదంతా మరుపున పడుతుంది. యేసుకు సైతం ఆ తెర తప్పలేదట. తానెవరో ఎరుగని పసివాడిగా వచ్చి, తల్లి ఒడిలోనూ వడ్రంగి కొట్టులోనూ మెట్టు మెట్టుగా జ్ఞానం పొందాడంటారు. పాఠం పుస్తకంలో అది చదవగానే నాకు శఠవాయువు తలపుకు వచ్చింది. గర్భంలోని శిశువుకు పూర్వజన్మలన్నీ ఎరుకలో ఉంటాయనీ, భూమి మీద పడగానే ఆ వాయువు తాకి మరచిపోతుందనీ మన పెద్దలు చెప్పారు. దానిని అణచిన భక్తుడి పేరనే గుడిలో మన తలల మీద శఠగోపం పెడతారు. అయితే మన పురాణబాలుడికి ఆ మరుపు లేదు. మన్ను తిన్న నోరు తెరిస్తే భువనాలన్నీ అందులోనే ఉంటాయి. తెలియనట్టు ఉండటం అతని లీల. వీరి బాలుడిది లీల కాదు, నిజంగా తెలియకపోవడం.

పాఠం చివరిదాకా చెప్పలేకపోతే ఇక తరగతి వదిలేస్తానని నూకరాజు తనంత తానుగా సంఘం వారికి మాట ఇచ్చాడట. ఆ సంగతి చెబుతూ పోలమ్మ గొంతు తగ్గించింది. "తెల్లారగట్ల నుంచి సదువుతన్నారు. అంతా వత్తంది మాస్టారూ, తెర కాడికొచ్చేసరికి ఆగిపోతంది. జాలారోడి కొడుకై ఉండి తెర అనడానికి రాదేటి?"

"అది సముద్రం తెర కాదమ్మా. గుడ్డ తెర, నాటకానికి కట్టేది."

"గుడ్డ తెరకి మరుపేటి? పక్కకి లాగీమనండి! సముద్రం తెర నెత్తి మీద పడితే తెలుత్తాదేటి, ఒడ్డెటో, నోపలెటో?"

జాలర్ల మాటలోనే కాదు, కావ్యాల్లోనూ తెర అంటే అలే. అయినా ఇక్కడ ఆ అర్థం పొసగదని నేను గట్టిగానే చెప్పాను. నూకరాజు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "గోడ..." అని నవ్వాడు. మా పాత తగవులు అతనికి జ్ఞాపకమే.

చర్చిలో రొట్టెముక్కలూ మంచినీళ్ళూ పంచే ఆరాధన ముగిశాక, పిల్లల గదిలో వెనక కుర్చీల్లో పోలమ్మా నేనూ కూర్చున్నాం. నూకరాజు నిలబడి మొదలుపెట్టాడు. మొదటి మాటలు నిలకడగానే వచ్చాయి. "పుట్టేటప్పుడు... మనకి అడ్డంగా..." అని ఆగిపోయాడు. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. పక్కనున్న యువతి, ఆ తరగతుల బాధ్యురాలు, సాయానికి కుర్చీలోంచి సగం లేచింది. ఆమె అందుకుంటే అతని పని ముగిసినట్టే. ఆ మాట నా నాలుక చివర ఉంది. పండితుడు అందించిన మాటతో అతడు గెలవడని ఊరుకున్నాను.

పోలమ్మ ఊరుకోలేదు. "తెరండీ, తెర! మన తెర!" అని అరిచింది. పిల్లలు గొల్లున నవ్వారు.

నూకరాజు మొహం వెలిగింది. ఎడమచేతిని అలలా పైకి లేపి తన నెత్తి మీదికి విరిగిపడేలా దించాడు.

"తెర... కొట్టింది. కళ్ళల్లో ఉప్పు. ఒడ్డు ఎటో... తెల్దు. యేసుబాబుకీ... తెల్దు. అమ్మ సెప్పింది. నాన్న... పని నేర్పినాడు. ఒక్కో మాటా... నేర్సినాడు."

ముందు వరుసలోని పాప అడిగింది: "తాతా, నీకూ తెర కొట్టిందా?"

నూకరాజు ఆ పాపనే చూస్తూ అన్నాడు: "కొట్టింది. నేర్సుకుంటన్నాను."

సగం లేచిన యువతి మళ్ళీ కూర్చుంది. పాఠం ముగిశాక పిల్లలతో, "పన్నెండేళ్ళ యేసు గుడిలో పండితులతో మాటాడిన కథ వచ్చే వారం. తాతగారే సెప్తారు" అంది. ఆ కథలో బాలుడు పండితులను ప్రశ్నించాడని తక్కిన క్రైస్తవుల పాఠం. పండితులే అతణ్ణి ప్రశ్నించారని వీరి పాఠాంతరం. దాని మీద నూకరాజుతో నాకు ఎప్పటినుంచో ఒక తగవు బాకీ ఉంది.

తిరుగు బస్సులో ఆలోచిస్తూ కూర్చున్నాను. నోట భువనాలు చూపిన బాలుడి మీద నా భక్తి ఈ వయసులో మారేది కాదు. కాని మాట పోగొట్టుకున్న నూకరాజుకు, ఒకప్పుడు తానూ మాటలు రానివాడై వాటిని ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న దేవుడు కావాలి. ఆ దేవుడు అతనికి దొరికాడు. అతణ్ణి అక్కడిదాకా చేర్చింది నేను తప్పన్న అర్థమే. అటు వెళ్ళదలచినవారికి ఒక్క సూచన: కాఫీ మద్దిలపాలెంలోనే తాగెయ్యండి, ఆపైన అంబలే. అది అందిస్తూ తెర అంటే ఏ తెర అని పోలమ్మ అడిగితే, సముద్రం తెరేనని మాస్టారు ఒప్పుకున్నారని చెప్పండి.